ఇంటికి ఇంటర్నెట్ వేగము: అంకెలు చెప్పునది, చెప్పనిది

బియ్యము కొనువారు ఇంటిలో తినువారెందరో, నెలకు ఎన్ని కిలోలు పట్టునో లెక్క చూచుకొని కొందురు. కరెంటు కనెక్షను తీసికొనువారు ఎన్ని దీపములు, ఎన్ని ఫ్యానులు, ఎన్ని మోటార్లు అని లెక్కించి కిలోవాట్లు వ్రాయింతురు. ఇంటర్నెట్ తీసికొనువేళ మాత్రము ఈ లెక్క సాధారణముగా జరుగదు. అమ్మువాడు చూపు కాగితముపై 50, 100, 200, 300 అని అంకెలు వరుసగా నుండును. ప్రతి అంకె ప్రక్కన ఒక ధర యుండును. పెద్ద అంకె మంచిదనియు, చిన్న అంకె చెడ్డదనియు కొనువాడు భావించును. ఆ భావము ఎంతవరకు సరియైనదో అడుగువారు తక్కువ.

ఉదాహరణకు ఒక గృహమును ఊహింపవచ్చును. పదవ తరగతి చదువు బాలిక రాత్రి ఎనిమిది గంటలకు తన గదిలో కూర్చుండి వీడియో పాఠము వినుచున్నది. లెక్కలో ముఖ్యమైన మెట్టు వచ్చువేళకు బొమ్మ ఆగిపోవును, ఉపాధ్యాయుని మాట ముక్కలగును. తండ్రి 50 ఎంబీపీఎస్ ప్లాన్ మార్చి 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసికొనును. అందువలన నెలకు 400 రూపాయలు అధికమైనవనుకొన్నచో, ఏడాదికి 4,800 రూపాయలగును. అయినను మరునాటి రాత్రి పాఠము యథాప్రకారము ఆగును. సొమ్ము పోయినది, పాఠమును పోయినది. రోగమొకటి యుండగా మందు మరియొకదానికి వేయుటయే దీనికి కారణము.

ఇంటర్నెట్ వేగమును ఎన్నుకొనుటలో ప్రజలకు దారి చూపుచున్నవి మూడు: అమ్మకపు ప్రకటనలు, ‘ఇంటిలో ఇందరున్నచో ఇంత వేగము’ అను పట్టికలు, ప్రభుత్వముల నిర్వచనములు. ఈ మూడింటిలో నిజమెంతయో, లోపమెంతయో శాస్త్రదృష్టితో పరీక్షింపవలసియున్నది.

పేరులోని పొరపాటు

మొదటి లోపము ‘వేగము’ అను పేరులోనే యున్నది. భౌతికశాస్త్రమున వడి గాని వేగము గాని దూరమును కాలముతో భాగించుటవలన వచ్చునవి. ప్రకటనలోని 100 ఎంబీపీఎస్ అట్టిది కాదు. బిట్ అనగా 0 గాని 1 గాని యగు ఒక సంకేతము. మెగాబిట్ అనగా అట్టి సంకేతములు పది లక్షలు. కావున 100 ఎంబీపీఎస్ అనగా సెకండునకు పది కోట్ల బిట్లు ఇంటిలోనికి రాగలవని మాత్రమే అర్థము. ఇందు దూరము ప్రసక్తి లేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకు ఈ భేదము చక్కగా తెలియును. కాలువలో ఎన్ని క్యూసెక్కులు పారుచున్నవనునది ఒక ప్రశ్న. తలుపులెత్తిన తరువాత నీరు చివరి భూములకు చేరుటకు ఎంతకాలము పట్టుననునది వేరొక ప్రశ్న. ఎంబీపీఎస్ అనునది క్యూసెక్కు వంటి కొలత. ఫైబర్ తీగలో కాంతి సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. 10 ఎంబీపీఎస్ ప్లాన్ తీసికొన్నవానికిని, 1,000 ఎంబీపీఎస్ ప్లాన్ తీసికొన్నవానికిని కాంతి ఆ వడితోనే పోవును. ఎక్కువ సొమ్ము ఇచ్చినవానికి కాలువ వెడల్పగునే గాని నీరు పరుగెత్తదు.

ఇందులోనే మరియొక చిక్కు కలదు. ప్రకటనలు బిట్లలో చెప్పును. ఫైళ్ల పరిమాణమును కంప్యూటర్లు బైట్లలో చూపును. ఒక బైటునకు 8 బిట్లు. కావున 100 ఎంబీపీఎస్ అనగా సెకండునకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. 700 మెగాబైట్ల పాఠము 7 సెకండ్లలో దిగునని తలచిన విద్యార్థికి 56 సెకండ్లు పట్టుట చూచి మోసము జరిగినదనిపించును. అది మోసము కాదు, కొలతల భేదము. కాని ఆ భేదమును ప్రకటన స్వయముగా విప్పి చెప్పినచో ఎంత మేలుగా నుండును!

‘వరకు’ అను చిన్నమాట

ప్రకటనలలో ‘100 ఎంబీపీఎస్ వరకు’ అని యుండును. ‘వరకు’ అను మాట చిన్న అక్షరములలో నుండును. దాని వెనుకనున్న విషయము మాత్రము చిన్నది కాదు. మన దేశమున ఇండ్లకు ఫైబర్ తెచ్చుటలో బహుళముగా వాడబడుచున్న జీపాన్ పద్ధతిలో, ఒక తీగపై సెకండునకు సుమారు 2,500 మెగాబిట్లు వచ్చును. ఆ ఒక్క తీగ వీధిలో చీలి 32 ఇండ్లకు గాని, 64 ఇండ్లకు గాని పోవును. 64 ఇండ్లవారును ఒకే క్షణమున పూర్తిగా వాడినచో ఒక్కొక్కరికి 39 మెగాబిట్ల ప్రాంతమున మాత్రమే దక్కును. అయినను వారందరికిని 100 వంతున అమ్ముట కద్దు.

దీనిని వెంటనే అన్యాయమనుట తగదు. డెన్మార్కు దేశపు గణితజ్ఞుడు ఎర్లాంగ్, కోపెన్‌హాగెన్ టెలిఫోన్ సంస్థలో పనిచేయుచు, టెలిఫోన్ పిలుపులు ఏ తీరున వచ్చునో సంభావ్యతా సిద్ధాంతముతో వివరించుచు 1909లో ఒక వ్యాసము ప్రకటించెను. ఊరిలోని వారందరును ఒకే నిమిషమున ఫోన్ చేయరు; కావున ప్రతి ఇంటికి ఒక ప్రత్యేకమైన తీగ చొప్పున దూరపు ఊరికి వేయనక్కరలేదు. ఎన్ని తీగలున్నచో ఎందరికి నిరాశ కలుగునో లెక్క కట్టవచ్చును. ఇంటర్నెట్ చౌకగా దొరకుటకు ఈ పంపకమే ఆధారము. విమర్శింపవలసినది పంపకమును కాదు. రాత్రి తొమ్మిది గంటల రద్దీలో ఎంత దక్కునో చెప్పక, తెల్లవారుజామున దక్కుదానినే పెద్ద అక్షరములలో వేయుట విమర్శకు పాత్రమైనది.

తలల లెక్క

ఇక పట్టికల సంగతి. ఇద్దరున్న ఇంటికి ఇంత, నలుగురున్న ఇంటికి అంత, అంతకు మించినచో మరింత అని ఇవి చెప్పును. చూచుటకు ఇవి సులభములు. అదియే వీని ఆకర్షణ. కాని ఇంటర్నెట్‌ను వాడునవి తలలు కావు, పనులు. నలుగురున్న ఇంటిలో ముగ్గురు నిద్రించుచుండగా ఒక్కడు వాడవచ్చును. ఒంటరిగా నున్నవాడు ఒకేసారి మూడు పనులు నడుపవచ్చును. కావున లెక్కింపవలసినది ఇంటిలో మిక్కిలి రద్దీగా నుండు గంటలో ఒకేసారి జరుగు పనులను.

ఏ పనికి ఎంత పట్టునో స్థూలముగా తెలిసియేయున్నది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన వీడియోలకు సూచించు పరిమాణములు ఇవి: 720 గీతల బొమ్మకు 3, 1080 గీతల బొమ్మకు 5, మిక్కిలి స్పష్టమైన 4కే బొమ్మకు 15 ఎంబీపీఎస్. ముఖాముఖి వీడియో సంభాషణకు స్పష్టతను బట్టి 1 నుండి 4 వరకు చాలును. మాట మాత్రమే యైనచో ఒకటిలో పదవవంతు చాలును. ఆన్‌లైన్ ఆటలకు, ఆడుచున్నంతసేపు, ఒక ఎంబీపీఎస్ కూడ సాధారణముగా పట్టదు.

పైన చెప్పిన గృహమునకే ఈ లెక్క వేయవచ్చును. రాత్రి ఎనిమిది గంటలకు హాలులో పెద్ద టీవీపై 4కే చలనచిత్రము 15. అమ్మమ్మ ఫోనులో ధారావాహిక 3. తండ్రికి ఆఫీసు వీడియో సమావేశము 4. బాలిక పాఠము 4. తమ్ముని ఆట 1. తక్కిన ఫోనులలోని చిల్లర పనులు 3. మొత్తము 30. అనుకోని అవసరములకు ఇందులో సగము చేర్చినచో 45. అనగా ఐదుగురున్న ఇంటికి, అందరును ఒకేసారి వాడునప్పుడు సైతము, 50 ఎంబీపీఎస్ చాలును. టీవీలో 4కే లేనిచో మొత్తము 20కి దిగును.

ఇది కాగితపు లెక్కయని కొట్టివేయుటకు వీలులేదు. 2019లో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్, ప్రిన్స్‌టన్, షికాగో విశ్వవిద్యాలయముల పరిశోధకుల సాయముతో, తన 53 మంది పాత్రికేయుల ఇండ్లలో పరీక్షలు జరిపించెను. 100 ఎంబీపీఎస్, అంతకు మించిన ప్లాన్‌లు గలవారు ఒకేసారి ఏడు వీడియోలు నడిపినపుడు, వాడబడిన పరిమాణము 7 ఎంబీపీఎస్ ప్రాంతముననే నిలిచెను. పైన ఇచ్చిన అంకెలు ఉదారముగా వేసినవేయని దీనివలన తేలుచున్నది. పెద్ద ప్లాన్ తీసికొన్న ఇంటిలో కాలువ చాలభాగము ఎండియే యుండును. రుసుము మాత్రము నిండు కాలువకు చెల్లును.

ప్రభుత్వముల నిర్వచనములు

‘బ్రాడ్‌బ్యాండ్’ అని పిలువదగిన కనీస పరిమాణమును ప్రభుత్వములు నిర్ణయించును. భారతదేశమున 2004లో ఇది 256 కిలోబిట్లు. 2013లో 512 కిలోబిట్లు. 2023లో 2 మెగాబిట్లు. అమెరికాలో 2010లో 4 మెగాబిట్లు, 2015లో 25, 2024లో 100. రెండు దేశముల నేటి అంకెలకు నడుమ ఏబది రెట్ల భేదము కలదు. మన ఇండ్లలో చూచు వీడియోలకును, వారి ఇండ్లలో చూచు వీడియోలకును ఏబది రెట్ల భేదము లేదు గదా!

ఈ అంకెలు ఇంటివారికి సలహాలు కావు. సంస్థలను అదుపులో నుంచుటకును, ఏ ప్రాంతములకు సౌకర్యము అందలేదో గుర్తించుటకును ఏర్పడిన గీతలు. 2 మెగాబిట్లతో ఐదుగురి ఇల్లు నడువదు. 100 లేనిచో ఇల్లు నడువదనుటయు సరికాదు. అయినను అమెరికా నిర్వచనములో ఒక మంచి గుణము కలదు. లోనికి వచ్చుదానికి 100 అని చెప్పి ఊరకొనక, ఇంటినుండి బయటకు పంపుదానికి 20 అని వేరుగా చెప్పినది. మన 2023 నిర్వచనము లోనికి వచ్చుదానిని మాత్రమే చెప్పుచున్నది. ఈ లోపము సవరింపదగినది.

పంపు దారి

ఇంటర్నెట్ సినిమా చూచుటకే యైనచో వచ్చు దారి ఒక్కటి చాలును. కాని 2020లో కోవిడ్ వలన బడులు, కార్యాలయములు మూతపడి ఇండ్లే తరగతి గదులైనపుడు పంపు దారి విలువ అందరికిని తెలిసివచ్చెను. బాలిక పాఠము వినుటయే కాదు, ప్రశ్న అడుగవలెను. ఉపాధ్యాయుడు తన ఇంటినుండి బోధింపవలెను. వీడియో సంభాషణకు వచ్చు దారిలో ఎంత కావలెనో పంపు దారిలోను ఇంచుమించు అంత కావలెను. ఫైబర్ ప్లాన్‌లలో అనేకములు రెండు దారులను సమముగా నిచ్చును. పాత టెలిఫోన్ తీగలపై వచ్చు సేవలలోను, 5జీ తరంగముల ద్వారా ఇంటికి వచ్చు సేవలలోను పంపు దారి బాగుగా ఇరుకై యుండుట సాధారణము.

ఇరుకు దారిలో మరియొక ప్రమాదము కలదు. ఎవరో ఒకరు పెండ్లి ఫోటోలన్నింటిని ఒకేసారి పైకి పంపుట మొదలిడినచో, పంపు దారి నిండి లోపల క్యూ ఏర్పడును. బాలిక మాటలు ఆ క్యూ చివర నిలిచి ఆలస్యముగా పోవును. వచ్చు దారిలో 200 ఖాళీగా నున్నను ప్రయోజనము లేదు.

ఆలస్యము అను రెండవ కొలత

ఒక పేజీని అడిగిన క్షణమునుండి మొదటి జవాబు వచ్చువరకు పట్టు కాలమును మిల్లీసెకండ్లలో కొలుతురు. దీనిని ప్రకటనలు ఎక్కడను చెప్పవు. కాని ఇంటర్నెట్ చురుకుగా నున్నదనిగాని, మందముగా నున్నదనిగాని మనుష్యునికి తోచుట తరచుగా దీనివలననే. గూగుల్ సంస్థ ఇంజనీరు మైక్ బెల్షీ 2010లో ఈ విషయమును కొలిచి చూపెను. 5 ఎంబీపీఎస్‌ను 10కి పెంచినపుడు పేజీలు తెరచుకొను కాలము సుమారు 5 శాతము మాత్రమే తగ్గెను. ఆలస్యమును తగ్గించుచు పోయినపుడు మాత్రము, తగ్గించిన ప్రతిసారియు పేజీలు అదే నిష్పత్తిలో త్వరగా తెరచుకొనెను. ఒక పేజీ తెరచుటకు ఎన్నోసార్లు అడుగుట, ఎన్నోసార్లు జవాబు వచ్చుట జరుగును గనుక ఇది సహజమే.

ఈ ఆలస్యములో కొంత భాగమును ఏ సంస్థయు తగ్గింపజాలదు. హైదరాబాదునుండి కాలిఫోర్నియా సుమారు 14,000 కిలోమీటర్లనుకొన్నచో, కాంతి తీగలో పోయి వచ్చుటకే 140 మిల్లీసెకండ్లు పట్టును. తీగలు వంకరలుగా పోవును గనుక వాస్తవమున ఇంకను ఎక్కువ పట్టును. అక్కడనున్న కుమార్తెతో మాటలాడు తల్లికి, ఇరువురును ఒకేసారి మాటలాడి, ఒకేసారి ఆగుట అనుభవమే. అందుకు ప్లాన్ పెంచుట వ్యర్థము. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఉపగ్రహముల ద్వారా వచ్చు సేవలో ప్రశ్నయు, జవాబును కలిసి ఆ దూరమును నాలుగుసార్లు దాటవలెను. అర సెకండు దానికే పట్టును.

ఇంటిలోని పంటబోదె

ప్రధాన కాలువలో నిండుగా నీరున్నను, పొలమునకు పోవు పంటబోదె పూడియున్నచో చేను ఎండును. ఇంటిలో ఆ బోదె వైఫై. సంస్థ ఇచ్చినది రౌటర్ వరకే. అక్కడినుండి ఫోను వరకు రేడియో తరంగములు మోయును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు గోడలను కొంత మేలుగా దాటును గాని, వాని సామర్థ్యము తక్కువ. ఇరుగుపొరుగు వైఫైలు, మైక్రోవేవ్ పొయ్యి కూడ ఆ తరంగములనే వాడును. 5 గిగాహెర్ట్జ్ తరంగముల సామర్థ్యము ఎక్కువ. గోడలు వానిని త్వరగా మ్రింగును. లోహము తరంగములను త్రిప్పికొట్టును, నీరు పీల్చుకొనును. రౌటర్‌ను టీవీ వెనుకనో, ఇనుప బీరువా ప్రక్కనో పెట్టి, రెండు గోడల ఆవల చదువుకొను బాలికకు పాఠము ఆగినదని ప్లాన్ పెంచినచో ఏమి ఫలము? ఆమె గదిలో 50కి బదులు 200 వచ్చుట లేదు. మునుపు వచ్చిన నాలుగో ఐదో నేడును వచ్చుచున్నవి. పాత రౌటర్లలో తీగ తగిలించు ద్వారము 100 ఎంబీపీఎస్ మాత్రమే మోయగలదు. అట్టి ఇంటిలో 200 ప్లాన్ తీసికొన్నను వందకు మించి ఎన్నటికిని రాదు.

ఇట్టి ఇండ్లకు కావలసినది సొమ్ము కాదు, చిన్న పరీక్ష. రౌటర్ ప్రక్కన నిలిచి ఫోనులో వేగపరీక్ష చేసి అంకె వ్రాసికొనవలెను. పిదప చదువుకొను గదిలో కూర్చుండి చేయవలెను. మొదటిది పెద్దదై రెండవది మిక్కిలి చిన్నదైనచో దోషము ఇంటిలోనిది. రౌటర్‌ను నడుమ గదిలో ఎత్తుగా పెట్టుటయో, గదికి తీగ లాగుటయో మందు. రౌటర్ ప్రక్కనే ఉదయము ఎక్కువై రాత్రి తక్కువైనచో దోషము పంపకములోనిది. సంస్థకు ఫిర్యాదు చేయవలెను. రెండుచోట్లను, రెండువేళలను అంకె బాగుగానే యుండి, ఒకేసారి జరుగు పనుల మొత్తము దానిని మించినపుడు మాత్రమే పెద్ద ప్లాన్ మందగును. ఈ వేగపరీక్షలు సాధారణముగా దగ్గరలోని సర్వరుతో, మేలైన పరిస్థితిలో కొలుచునవి గనుక, వాని జవాబును గరిష్ఠముగా భావింపవలెనే గాని ప్రతి పనికిని దక్కు వాటాగా భావింపరాదు.

పెద్ద అంకె ఎవరికి?

పెద్ద ప్లాన్‌లన్నియు వ్యర్థములని దీని అర్థము కాదు. వీడియోలు తీసి ప్రతిదినము పైకి పంపు వృత్తివారికి, ఒకే ఇంటిలో రెండు మూడు కుటుంబములున్నవారికి, పెద్ద పెద్ద ఫైళ్లను తరచుగా దింపుకొనువారికి అవి కాలమును మిగుల్చును. 100 గిగాబైట్ల ఆట 100 ఎంబీపీఎస్‌పై దిగుటకు రెండుంబావు గంటలు పట్టును; 300పై ముప్పావు గంట చాలును. అట్టి పని వారమునకొకసారి గలవాడు సొమ్ము చెల్లించి కాలము కొనవచ్చును. ఏడాదికొకసారి గలవాడు దానిని రాత్రి పెట్టి నిద్రించినను సరిపోవును. ఇది ఇంటివాడు తేల్చుకొనవలసినది. అమ్మువాని కాగితము తేల్చునది కాదు.

ప్రకటనలు నాలుగు అంకెలు చెప్పవలసియుండగా ఒక్కటి చెప్పుచున్నవి. వచ్చు దారి, పంపు దారి, ఆలస్యము, రద్దీవేళ దక్కునది: ఈ నాలుగును కాగితముపై ప్రక్కప్రక్కన నున్నచో కొనువాడు మోసపోడు, మంచి సేవ చేయు సంస్థకును మేలే. పట్టికలు తలలను విడిచి పనులను లెక్కింపవలెను. ఈ మార్పులు వచ్చువరకు లెక్క ఇంటిలోనే జరుగవలెను.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక అభ్యాసముగా పెట్టవచ్చును. బిట్లు, బైట్లు, సగటు, శాతము, తరంగముల శోషణము, కాంతివేగము అన్నియు ఇందులో కలవు. ప్రతి విద్యార్థియు తన ఇంటి రద్దీవేళ పనులను వ్రాసి కూడవలెను. రెండుచోట్ల, రెండువేళల కొలతలు తీసి పట్టిక వేయవలెను. ఇంటివారు చెల్లించుచున్న ప్లాన్‌తో పోల్చవలెను. పదవ తరగతి బాలిక ఇట్టి పట్టికను తండ్రి ముందుంచినచో, రౌటర్ బీరువా ప్రక్కనుండి కదలును. 4,800 రూపాయలు ఇంటిలో నిలుచును. రాత్రి ఎనిమిది గంటల పాఠము చివరివరకు సాగును.